గిట్ అప్‌డేట్ తర్వాత ఇగ్నోర్ ఫైళ్లు: ఏం మారుతుంది, ఏం జాగ్రత్త పడాలి

గిట్ కొత్త వెర్షన్ వేసుకున్నాక కొన్నిసార్లు దాని తీరు మారినట్టు అనిపిస్తుంది. నిన్నటిదాకా వదిలేసిన ఫైళ్లను ఇవాళ కొత్త ఫైళ్లంటూ చూపిస్తుంది. ఏళ్లుగా నడుస్తున్న స్క్రిప్టు ఒక్కసారిగా ఆగిపోతుంది. పైకి చిన్న చికాకులా కనిపించినా దీని వెనక రెండు పెద్ద నష్టాలు పొంచి ఉంటాయి. ఒకటి, పాస్‌వర్డు ఉన్న ఫైలు మనకు తెలియకుండానే నలుగురూ చూసే చోటికి చేరడం. రెండోది, ఇంకెక్కడా కాపీ లేని ఫైలు పూర్తిగా పోవడం.

బెంగళూరు, చెన్నై, హోసూరు, పుణె, భువనేశ్వర్‌లలో సాఫ్ట్‌వేర్ పని చేసుకునే మన పిల్లలకు గిట్ రోజూ చేతిలో ఉండేదే. అయితే అది ఆఫీసు పనికే పరిమితం కాదు. బళ్లారిలో ఒకరు, బరంపురంలో ఒకరు, షోలాపూర్‌లో ఒకరు, యానాంలో ఒకరు ఉండి, తాతల నాటి తెలుగు బడి సంచికలను స్కాన్ చేసి, టైపు చేసి భద్రపరచాలనుకుంటే అందుకూ గిట్ బాగా పనికొస్తుంది.

ఈ వ్యాసంలో అలాంటి బృందాన్నే ఉదాహరణగా తీసుకుందాం. వాళ్ల ఫోల్డర్‌లో మూడు ఉన్నాయనుకుందాం: టైపు చేసిన వచనం ఉండే ‘పాఠం’ ఫోల్డర్, పేజీల బొమ్మలు ఉండే ‘స్కాన్లు’ ఫోల్డర్, సర్వర్ పాస్‌వర్డు రాసుకున్న ‘రహస్యం’ అనే చిన్న ఫైలు. వచనాన్ని గిట్‌లో చేర్చారు. బొమ్మలు బరువు కాబట్టి, పాస్‌వర్డు బయటికి పోకూడదు కాబట్టి ఆ రెండింటినీ ఇగ్నోర్ చేశారు.

ఒక గమనిక. ఇక్కడ ఆదేశాలను పలికే తీరులో తెలుగు లిపిలో రాశాం. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో టైపు చేయాలి. పెద్ద అక్షరం అవసరమైన చోట ఆ మాట విడిగా చెప్పాం.

గిట్ ఫైళ్లను ఎలా చూస్తుంది

లినక్స్ కెర్నల్ పని కోసం లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో గిట్‌ను మొదలుపెట్టారు. అదే ఏడాది జులై నుంచి దాని నిర్వహణ బాధ్యత జునియో హమానోది. అప్పటినుంచి ఇప్పటిదాకా గిట్ ప్రతి ఫైలునూ మూడు రకాల్లో ఒకటిగా చూస్తోంది.

మొదటి రకం ట్రాక్డ్ ఫైళ్లు. ఇవి గిట్ లెక్కలో ఉన్నవి. వీటి పాత రూపాలన్నీ కమిట్లలో ఉంటాయి.

రెండో రకం అన్‌ట్రాక్డ్ ఫైళ్లు. ఫోల్డర్‌లో ఉన్నాయి కానీ ఇంకా లెక్కలోకి రాలేదు. ‘గిట్ స్టేటస్’ అడిగితే వీటిని చూపించి, చేర్చాలా అన్నట్టు గుర్తుచేస్తుంది. వీటిని తుడిచేసే పని వస్తే గిట్ సాధారణంగా ఆగి చెబుతుంది.

మూడో రకం ఇగ్నోర్ ఫైళ్లు. ఇవి కూడా లెక్కలో లేనివే. కానీ ‘వీటి సంగతి నాకు చెప్పొద్దు’ అని మనమే నియమం రాసి పెట్టాం. కాబట్టి గిట్ వీటిని జాబితాలో చూపదు, ‘గిట్ యాడ్’ చేసినప్పుడు కలుపుకోదు.

అసలు మెలిక ఇక్కడే ఉంది. ఇగ్నోర్ అంటే ‘దాచిపెట్టు’ అని కాదు, ‘పట్టించుకోకు’ అని. ఇగ్నోర్ చేసిన ఫైలు మళ్లీ తయారు చేసుకోగలిగిందే అయి ఉంటుందని గిట్ అనుకుంటుంది. ప్రోగ్రాము కంపైల్ చేసినప్పుడు వచ్చే ఫైళ్ల విషయంలో అది నిజమే. అసలు సంచికను ఇచ్చినవాళ్లకు తిరిగి ఇచ్చేశాక, ఆ పేజీల స్కాన్ల విషయంలో అది నిజం కాదు.

నియమాలు ఎక్కడెక్కడ ఉంటాయి

ఏ ఫైలును వదిలేయాలో గిట్ ముఖ్యంగా మూడు చోట్ల చూసి తెలుసుకుంటుంది.

ఒకటి, ‘.గిట్‌ఇగ్నోర్’ అనే ఫైలు. ముందున్న చుక్క పేరులో భాగమే. ఇది రిపాజిటరీ పైస్థాయిలోనే కాక ఏ లోపలి ఫోల్డర్‌లోనైనా ఉండవచ్చు. దీన్ని కమిట్ చేస్తారు కాబట్టి బృందంలో అందరికీ వర్తిస్తుంది. రెండు నియమాలు ఢీకొంటే లోపలి ఫోల్డర్‌లో ఉన్నదే నెగ్గుతుంది. ఒకే ఫైలులో అయితే కింద రాసినది నెగ్గుతుంది.

రెండు, ‘.గిట్’ ఫోల్డర్‌లో ‘ఇన్ఫో’ లోపల ఉండే ‘ఎక్స్‌క్లూడ్’ అనే ఫైలు. ఇది ఆ ఒక్క రిపాజిటరీకి, ఆ ఒక్క కంప్యూటర్‌కే వర్తిస్తుంది. ఎవరికీ వెళ్లదు.

మూడు, మీ కంప్యూటర్‌లోని అన్ని రిపాజిటరీలకూ వర్తించే ఫైలు. ‘కోర్.ఎక్స్‌క్లూడ్స్‌ఫైల్’ అనే సెట్టింగ్‌లో దాని చిరునామా ఉంటుంది. సెట్టింగ్ ఏమీ లేకపోతే గిట్ మీ హోమ్ ఫోల్డర్‌లోని ‘.కాన్ఫిగ్/గిట్/ఇగ్నోర్’ అనే ఫైలు కోసం చూస్తుంది.

అప్‌డేట్ తర్వాత తేడా కనిపిస్తే చాలామంది మొదటి ఫైలునే వెతుకుతారు. మిగతా రెండూ ఉన్నాయని గుర్తుంటే సగం సమస్యలు అక్కడే తేలిపోతాయి.

ఏ వెర్షన్‌లో ఏం మారింది

ఇగ్నోర్ నియమాల విషయంలో గిట్ తరచూ మారదు. మారిన కొన్ని సందర్భాలు మాత్రం తెలుసుకోదగ్గవి.

2013 మార్చిలో వచ్చిన 1.8.2 వెర్షన్‌తో రెండు నక్షత్రాల గుర్తు అమల్లోకి వచ్చింది. ‘**/తాత్కాలికం’ అని రాస్తే ఎంత లోతు ఫోల్డర్‌లో ఉన్నా ఆ పేరున్నవన్నీ ఇగ్నోర్ అవుతాయి. ఏ నియమం వల్ల ఏ ఫైలు ఇగ్నోర్ అవుతోందో చెప్పే ‘గిట్ చెక్-ఇగ్నోర్’ ఆదేశం కూడా ఆ వెర్షన్‌తోనే వచ్చింది.

2016 జనవరిలో వచ్చిన 2.7.0 ఒక పాత ఇబ్బందిని తీర్చాలని చూసింది. మొత్తం ‘స్కాన్లు’ ఫోల్డర్‌ను ఇగ్నోర్ చేసి, అందులోని ‘సూచిక’ అనే ఒక్క ఫైలును మాత్రం ఆశ్చర్యార్థకం గుర్తుతో మళ్లీ చేర్చుకోవాలంటే గిట్‌లో కుదరదు. ఫోల్డర్‌ను ఇగ్నోర్ చేశాక వేగం కోసం గిట్ దాని లోపలికి తొంగి కూడా చూడదు. ఈ పద్ధతిని 2.7.0 సడలించింది. దాంతో అన్‌ట్రాక్డ్ ఫైళ్ల జాబితాలో, స్పార్స్ చెక్‌అవుట్ వాడేవారి దగ్గర కొత్త తప్పులు బయటపడ్డాయి. వచ్చే నెలలోనే, అంటే 2016 ఫిబ్రవరిలో, 2.7.1లో ఆ మార్పును వెనక్కి తీసుకున్నారు. ఆ నెల రోజుల్లో కొత్త పద్ధతిని నమ్ముకుని నియమాలు రాసుకున్నవారికి ఫైళ్లు మళ్లీ కనిపించకుండా పోయాయి.

ఈ పని చేసే సరైన పద్ధతి అప్పుడూ ఇప్పుడూ ఒకటే. ‘స్కాన్లు/’ అని రాయకుండా ‘స్కాన్లు/*’ అని రాయాలి. కింది వరసలో ‘!స్కాన్లు/సూచిక’ అని రాయాలి. మొదటిది ఫోల్డర్‌ను మూసేయదు, లోపలున్న వాటిని మాత్రమే వదిలేస్తుంది. కాబట్టి రెండో నియమానికి పనిచేసే వీలు దొరుకుతుంది.

2021 జూన్‌లో వచ్చిన 2.32 మార్పు ఇంకా చాలామందికి తగులుతూనే ఉంది. అంతకుముందు కొందరు ఒకే నియమాల ఫైలును ఒక చోట పెట్టుకుని, ప్రతి రిపాజిటరీలోనూ ‘.గిట్‌ఇగ్నోర్’ పేరుతో దానికి సింబాలిక్ లింక్ ఇచ్చుకునేవారు. ఒక్క చోట మారిస్తే అన్నింట్లో మారుతుందని సౌకర్యం. 2.32 నుంచి గిట్ ఆ లింకు వెంట వెళ్లడం మానేసింది. ఫైలును డిస్కు మీద చదివినా, కమిట్ లోపలి నుంచి చదివినా ఫలితం ఒకేలా ఉండాలన్నది దీనికి కారణం. లింకు రూపంలో ఉన్న నియమాల ఫైలు ఇక లేనట్టే లెక్క. లినక్స్‌లో అప్పుడు సింబాలిక్ లింకుల స్థాయిలు మరీ ఎక్కువయ్యాయన్న అర్థంలో ఒక హెచ్చరిక వస్తుంది. చదివితే దానికీ ఇగ్నోర్‌కూ సంబంధమే లేనట్టు ఉంటుంది కాబట్టి చాలామంది దాటేస్తారు.

ఫలితం ఏమిటో మన ఉదాహరణలో చూడండి. నియమాలు పనిచేయవు. ‘రహస్యం’ ఫైలు మామూలు కొత్త ఫైలుగా మారుతుంది. అలవాటు కొద్దీ ‘గిట్ యాడ్ -ఏ’ అని పెద్ద ఏ అక్షరంతో కొట్టి, కమిట్ చేసి, పుష్ చేస్తే పాస్‌వర్డు సర్వర్‌కు చేరిపోతుంది.

ఇదే 2.32లో మరో చిన్న మార్పు ఉంది. ‘గిట్ ఎల్ఎస్-ఫైల్స్ -ఐ’ అని అడిగేటప్పుడు, ట్రాక్డ్ ఫైళ్లలో వెతకాలంటే ‘-సీ’ అనో, అన్‌ట్రాక్డ్ ఫైళ్లలో వెతకాలంటే ‘-ఓ’ అనో కచ్చితంగా చెప్పాలి. చెప్పకపోతే ఆదేశం తప్పు చూపి ఆగిపోతుంది. పాత స్క్రిప్టులు అప్‌డేట్ తర్వాత ఆగిపోవడానికి ఇదొక కారణం.

బృందంలో అందరి దగ్గరా ఒకే వెర్షన్ ఉండకపోవడం దీనికి తోడవుతుంది. ఉబుంటు 20.04తో వచ్చే గిట్ 2.25. ఉబుంటు 22.04తో వచ్చేది 2.34. అంటే ఒకే రిపాజిటరీలో, ఒకే లింకుతో, బళ్లారి ల్యాప్‌టాప్‌లో పాస్‌వర్డు ఫైలు ఇగ్నోర్ అవుతుంది, బరంపురం ల్యాప్‌టాప్‌లో కాదు. ఇద్దరూ ‘నా దగ్గర బాగానే ఉంది’, ‘నా దగ్గర లేదు’ అని వాదించుకుంటారు. ఇద్దరి మాటా నిజమే.

వెర్షన్‌తో పనిలేని ప్రమాదాలు

అప్‌డేట్ వల్ల కంగారుపడి చేసే పనుల్లోనే ఎక్కువ ఫైళ్లు పోతాయి. అందుకే ఈ నాలుగూ గుర్తుంచుకోవాలి.

మొదటిది ‘గిట్ క్లీన్’. ఫోల్డర్ గజిబిజిగా ఉందని శుభ్రం చేయడానికి దీన్ని వాడతారు. మామూలుగా ఇది ఇగ్నోర్ ఫైళ్ల జోలికి పోదు. చిన్న ‘ఎక్స్’ అక్షరం జోడిస్తే వాటిని కూడా తుడిచేస్తుంది. పెద్ద ‘ఎక్స్’ అయితే ఇగ్నోర్ ఫైళ్లను మాత్రమే తుడుస్తుంది. చాలామంది కంఠస్థం చేసిన ‘గిట్ క్లీన్ -ఎఫ్‌డీఎక్స్’ అనే ఆదేశం ‘స్కాన్లు’ ఫోల్డర్‌ను ఒక్క క్షణంలో మాయం చేస్తుంది. అవి రీసైకిల్ బిన్‌కు వెళ్లవు.

రెండోది బ్రాంచి మారడం. ‘రహస్యం’ ఫైలు మొదట్లో ఎవరో కమిట్ చేశారని, తర్వాత తీసేసి ఇగ్నోర్‌లో చేర్చారని అనుకుందాం. పాత బ్రాంచిలో అది ఇంకా ట్రాక్డ్‌గానే ఉంటుంది. మీరు ఆ పాత బ్రాంచికి వెళ్తే, మీ దగ్గరున్న ఫైలు ఇగ్నోర్ ఫైలు కాబట్టి గిట్ ఏమీ అడగకుండా దాని మీద పాత రూపాన్ని రాసేస్తుంది. తిరిగి కొత్త బ్రాంచికి వస్తే, అక్కడ ఆ ఫైలు లేదు కాబట్టి పూర్తిగా తీసేస్తుంది. ‘గిట్ చెక్‌అవుట్’ ఆదేశానికి ‘--నో-ఓవర్‌రైట్-ఇగ్నోర్’ అని జోడిస్తే ఇలా జరగబోయే చోట ఆగిపోతుంది. జోడించకపోతే ఆగదు.

మూడోది ‘గిట్ ఆర్ఎం --క్యాష్డ్’. ట్రాక్డ్‌గా ఉన్న ఫైలు పేరును ‘.గిట్‌ఇగ్నోర్’లో రాసినంత మాత్రాన అది లెక్కలోంచి పోదు. ఇగ్నోర్ నియమాలు ట్రాక్డ్ ఫైళ్లకు వర్తించవు. అందుకే ఈ ఆదేశంతో లెక్కలోంచి తీస్తారు. మీ కంప్యూటర్‌లో ఫైలు అలాగే ఉంటుంది. కానీ ఆ కమిట్‌ను మిగతావాళ్లు పుల్ చేసుకున్నప్పుడు, వాళ్లు మార్చకుండా ఉంచిన ఆ ఫైలు వాళ్ల డిస్కు మీద నుంచి పోతుంది. కాబట్టి ఈ పని చేసే ముందు బృందానికి చెప్పి, కాపీలు తీసుకోమనాలి.

నాలుగోది ‘గిట్ స్టాష్’. దీనికి ‘-యూ’ జోడిస్తే అన్‌ట్రాక్డ్ ఫైళ్లను పక్కన పెడుతుంది. ‘-ఏ’ జోడిస్తే, ఇక్కడ చిన్న అక్షరం, ఇగ్నోర్ ఫైళ్లను కూడా డిస్కు మీద నుంచి తీసి స్టాష్‌లో పెడుతుంది. ఆ స్టాష్‌ను తర్వాత ‘డ్రాప్’ చేస్తే అవి కూడా దాంతోపాటే పోతాయి.

ఇలా పోయిన ఇగ్నోర్ ఫైలును గిట్ నుంచి తిరిగి రాబట్టడం సాధారణంగా కుదరదు. కమిట్ పోతే ‘రెఫ్‌లాగ్’లో వెతకవచ్చు. ఎన్నడూ గిట్‌లో చేరని ఫైలుకు అక్కడ జాడే ఉండదు. వీఎస్ కోడ్ లాంటి ఎడిటర్‌లో దిద్దిన చిన్న ఫైలయితే దాని లోకల్ హిస్టరీలో దొరికే అవకాశం ఉంది. స్కాన్ బొమ్మలకు ఆ ఆశ కూడా లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

అప్‌డేట్‌కు ముందు

పావుగంట పని ఇది. ఈ వరసలో చేయండి.

1. ‘గిట్ --వెర్షన్’ అని కొట్టి ఇప్పుడున్న వెర్షన్ ఎంతో రాసుకోండి. తేడా వస్తే ఏ వెర్షన్ల మధ్య వచ్చిందో తెలుస్తుంది.

2. ‘గిట్ ఎల్ఎస్-ఫైల్స్ -ఓ -ఐ --ఎక్స్‌క్లూడ్-స్టాండర్డ్’ అని కొట్టండి. ఇప్పుడు ఇగ్నోర్ అవుతున్న ప్రతి ఫైలు పేరూ ఒక్కో వరసలో వస్తుంది. ఆ జాబితాను ‘ముందు’ అనే పేరుతో రిపాజిటరీ బయట ఒక ఫైలులో దాచండి. ‘గిట్ స్టేటస్ --ఇగ్నోర్డ్’ కూడా ఉంది కానీ అది చాలాచోట్ల ఫోల్డర్ పేరు చెప్పి ఊరుకుంటుంది. పోల్చి చూడడానికి మొదటిదే మేలు.

3. ‘-ఓ’ బదులు ‘-సీ’ పెట్టి అదే ఆదేశం మళ్లీ కొట్టండి. ట్రాక్డ్‌గా ఉంటూనే ఇగ్నోర్ నియమానికి సరిపోయే ఫైళ్లు బయటపడతాయి. పాస్‌వర్డు ఫైలు ఈ జాబితాలో ఉందంటే అది ఇప్పటికే గిట్ లెక్కలో ఉందన్నమాట.

4. మొదటి జాబితా చదివి, మళ్లీ తయారు చేసుకోలేనివి ఏవో గుర్తించండి. వాటికి రిపాజిటరీ బయట, వీలైతే వేరే డిస్కు మీద కాపీ తీయండి. తీసిన కాపీని ఒకసారి తెరిచి చూడండి.

5. ‘.గిట్‌ఇగ్నోర్’ అసలైన ఫైలో, లింకో చూడండి. లినక్స్, మ్యాక్‌లలో ‘ఎల్ఎస్ -ఎల్ఏ’ కొడితే లింకు పేరు పక్కన బాణం గుర్తు కనిపిస్తుంది. లింకయితే దాన్ని తీసేసి అసలైన ఫైలు పెట్టండి. అన్ని రిపాజిటరీలకూ ఒకే నియమాలు కావాలంటే ‘కోర్.ఎక్స్‌క్లూడ్స్‌ఫైల్’ వాడండి. పని చెట్టులోని ‘.గిట్‌ఇగ్నోర్’ లింకులకు వచ్చిన అడ్డు దీనికి లేదు.

అప్‌డేట్ తర్వాత

ముందుగా, ఏ ఫైలునూ ‘గిట్ యాడ్’ చేయకండి. జాబితా ఆదేశం మళ్లీ కొట్టి, ఫలితాన్ని ‘తర్వాత’ అనే పేరుతో దాచి, రెండింటినీ ‘డిఫ్’తో పోల్చండి. తేడా లేకపోతే పని అయినట్టే.

తేడా ఉంటే, మారిన ఒక్కో ఫైలుకు ‘గిట్ చెక్-ఇగ్నోర్ -వీ’ అని కొట్టి ఫైలు పేరు ఇవ్వండి. ఏ నియమాల ఫైలులో, ఎన్నో వరసలో, ఏ నియమం దానికి వర్తించిందో అది చెబుతుంది. చూపించిన నియమం ముందు ఆశ్చర్యార్థకం ఉంటే ఆ ఫైలు ఇగ్నోర్ కావడం లేదని అర్థం. ఏమీ చూపించకపోతే ఏ నియమమూ వర్తించలేదన్నమాట, లేదా ఆ ఫైలు ట్రాక్డ్ అయి ఉండాలి. ట్రాక్డ్ ఫైలు గురించి కూడా తెలుసుకోవాలంటే ‘--నో-ఇండెక్స్’ జోడించండి.

తర్వాత నియమాల రాత తీరు సరిచూసుకోండి. నియమం మొదట్లో గానీ మధ్యలో గానీ గీటు ఉంటే, అది ఆ ‘.గిట్‌ఇగ్నోర్’ ఉన్న ఫోల్డర్ నుంచే లెక్క. గీటు లేకపోతే ఏ లోతులోనైనా వర్తిస్తుంది. చివర గీటు ఉంటే ఫోల్డర్లకు మాత్రమే. వరస చివర మిగిలిన ఖాళీలను గిట్ వదిలేస్తుంది. విండోస్, మ్యాక్‌లలో సాధారణంగా ఇంగ్లిష్ పెద్ద అక్షరాలకూ చిన్న అక్షరాలకూ తేడా చూడదు, లినక్స్‌లో చూస్తుంది.

శుభ్రం చేయాల్సి వస్తే ముందు ‘-ఎన్’ జోడించి కొట్టండి. ఏమేం పోతాయో చెబుతుంది కానీ ఏదీ తుడవదు. ఆ జాబితా మొత్తం చదివాకే అసలు ఆదేశం ఇవ్వండి.

తెలుగు పేర్లున్న ఫైళ్లు

మనవాళ్లు ఫైళ్లకు తెలుగు పేర్లు పెట్టుకుంటే మరో మూడు విషయాలు చూసుకోవాలి.

గిట్ మామూలుగా తెలుగు పేర్లను అక్షరాల్లో చూపదు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు. వాటిని అంకెలుగా మార్చి చూపిస్తుంది. ‘క’ అనే ఒక్క అక్షరం \340\260\225 అని కనిపిస్తుంది. ఫైలు పాడైందని భయపడనక్కర్లేదు. ‘గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ కోర్.కోట్‌పాత్ ఫాల్స్’ అని ఒకసారి కొడితే పేర్లు తెలుగులోనే కనిపిస్తాయి. పైన చెప్పిన ‘ముందు’, ‘తర్వాత’ జాబితాలు తీసే ముందే ఈ పని చేస్తే చదవడం సులువు.

రెండోది, కంటికి ఒకటిగా కనిపించే పేర్లు గిట్‌కు వేరు కావచ్చు. అది బైట్లను పోలుస్తుంది, రూపాన్ని కాదు. ‘స్కాన్’ లాంటి పొల్లుతో ముగిసే మాట చివర కొన్ని కీబోర్డులు కనిపించని విడదీత గుర్తును చేరుస్తాయి. నియమంలో అది లేక, ఫోల్డర్ పేరులో ఉంటే రెండూ కలవవు. ఐత్వానిదీ అదే కథ. ‘కైఫీయతులు’ అనే పేరులోని ‘కై’లో ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయవచ్చు, ఎత్వం కింద మరో గుర్తు చేర్చి రెండుగానూ రాయవచ్చు. మ్యాక్ పాత ఫైల్ సిస్టమ్ పేర్లను రెండో తీరులో విడదీసి దాచేది. మ్యాక్‌లో ‘కోర్.ప్రీకంపోజ్‌యూనికోడ్’ సెట్టింగ్ ఉన్నది ఇందుకే.

ఈ చిక్కుకు తేలికైన మందు ఒకటుంది. ఫోల్డర్ పేరును నియమంలో రాయకండి. ఆ ఫోల్డర్ లోపలే ఒక ‘.గిట్‌ఇగ్నోర్’ పెట్టండి. మొదటి వరసలో ఒక్క నక్షత్రం గుర్తు, రెండో వరసలో ‘!.గిట్‌ఇగ్నోర్’ అని రాయండి. ఫోల్డర్ పేరు ఏ తీరులో టైపు చేసినా లోపలివన్నీ ఇగ్నోర్ అవుతాయి.

మూడోది, నియమాల ఫైలును యూటీఎఫ్-8లోనే దాచాలి. విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ 5.1లో బాణం గుర్తుతో ఫైలులోకి రాస్తే అది యూటీఎఫ్-16లో చేరుతుంది. ఎడిటర్‌లో తెరిస్తే నియమాలు చక్కగా కనిపిస్తాయి, గిట్‌కు మాత్రం ఒక్కటీ అర్థం కాదు.

పాస్‌వర్డు బయటికి వెళ్లిపోతే

కమిట్ అయి ఇంకా పుష్ కాకపోతే తేలిక. ‘గిట్ ఆర్ఎం --క్యాష్డ్’తో ఫైలును తీసి, ‘గిట్ కమిట్ --అమెండ్’తో చివరి కమిట్‌ను సరిదిద్దవచ్చు.

పుష్ అయిపోతే మొదట చేయాల్సింది పాస్‌వర్డు మార్చడం. ఫైలును తీసేస్తూ కొత్త కమిట్ చేసినా పాత కమిట్‌లో అది అలాగే ఉంటుంది. ‘గిట్ ఫిల్టర్-రెపో’ అనే పనిముట్టుతో చరిత్రలోంచి తొలగించవచ్చు. అయినా ఈలోగా ఎవరైనా కాపీ తీసుకుని ఉంటే వాళ్ల దగ్గర అది ఉంటుంది. కాబట్టి తొలగించాం కదా అని పాత పాస్‌వర్డును కొనసాగించకూడదు.

సబ్‌వర్షన్ వాడేవారికి

కొన్ని పాత ప్రాజెక్టులు ఇంకా సబ్‌వర్షన్‌లో ఉన్నాయి. 2013 జూన్‌లో వచ్చిన 1.8 వెర్షన్‌లో ‘ఎస్‌వీఎన్:గ్లోబల్-ఇగ్నోర్స్’ అనే ప్రాపర్టీ వచ్చింది. పై ఫోల్డర్‌లో ఒకసారి పెడితే లోపలి ఫోల్డర్లన్నిటికీ వర్తిస్తుంది. అంతకుముందు వెర్షన్ క్లయింట్‌కు ఆ సంగతి తెలియదు కాబట్టి ఆ ఫైళ్లను కొత్తవిగా చూపిస్తుంది. 1.9లో ‘ఎస్‌వీఎన్ క్లీనప్’ ఆదేశానికి ‘--రిమూవ్-ఇగ్నోర్డ్’ చేరింది. ఇది కూడా ఇగ్నోర్ ఫైళ్లను తుడిచేదే. పేరు మారినా సూత్రం ఒకటే.

బృందంగా పెట్టుకోదగ్గ నాలుగు కట్టుబాట్లు

పాస్‌వర్డులు రిపాజిటరీ ఫోల్డర్‌లోనే ఉంచవద్దు. హోమ్ ఫోల్డర్‌లో మరోచోట పెట్టి, ప్రోగ్రాముకు దాని చిరునామా చెప్పండి. అప్పుడు ఏ నియమం మారినా అది కమిట్ కాదు.

‘గిట్ యాడ్ -ఏ’ బదులు చేర్చాల్సిన ఫైళ్ల పేర్లు చెప్పి చేర్చే అలవాటు చేసుకోండి. పుష్‌కు ముందు ‘గిట్ స్టేటస్’ చూడండి.

ఎవరు ఏ వెర్షన్ వాడుతున్నారో అందరికీ తెలిసేలా రిపాజిటరీలోని రీడ్‌మీ ఫైలులో రాసుకోండి. అప్‌డేట్ చేసినవారు ఆ వరస మార్చాలి.

ఇగ్నోర్ చేసిన ప్రతి విలువైన ఫోల్డర్‌కూ బ్యాకప్ ఎక్కడుందో, ఎవరి దగ్గరుందో అదే ఫైలులో రాయండి. వచనం గిట్‌లో ఉంది కాబట్టి నాలుగు ఊళ్లలో నాలుగు కాపీలు ఉంటాయి. స్కాన్లు ఇగ్నోర్‌లో ఉన్నాయి కాబట్టి తీసినవారి ల్యాప్‌టాప్‌లో ఒక్కటే ఉంటుంది. టైపు చేసిన వచనంలో అనుమానం వస్తే సరిచూసుకోవడానికి మిగిలేది ఆ బొమ్మే. మూలప్రతి చెదలు పట్టినా, ఇల్లు మారేటప్పుడు పోయినా, ఆ బడి సంచికకు ఇక సాక్ష్యం అదొక్కటే. అందుకే ఆ వరస ఖాళీగా ఉంటే గిట్ అప్‌డేట్‌ను ఆ రోజుకు ఆపి, ముందు ఆ ఫోల్డర్‌కు కాపీ తీయండి.